తప్పు జవాబు కోసం ఎదురుచూసిన మనిషి

షార్జా నుంచి దుబాయ్ పోయే రోడ్డు మీద పొద్దున్నే ఇరుక్కుపోయే బండ్లన్నీ సాక్షిగా, నా అజమాయిషీలో ఉన్న స్కూలు బస్సుల మీదా, వాటి టైర్ల మీదా, అడుగున వేలాడే స్పేర్ టైర్ల మీదా ఒట్టుపెట్టి చెబుతున్నాను: ఇందులో ప్రతి ముక్కా నిజం. నా ఒట్లకు మార్కెట్లో పెద్ద విలువ లేదని నాకు తెలుసు. అల్ నహ్దాలో ఇంటి ముందే పార్కింగ్ దొరికిందని చెబితే మా ఆవిడ కిటికీలోంచి తొంగి చూసి గాని నమ్మదు. అయినా ఈసారి పోయిన మనిషి గురించి రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి అబద్ధాలు చెప్పే అలవాటు నాకు లేదు. ఉన్నవాళ్ళ గురించి చెప్పడానికే టైము చాలడం లేదు.

మొన్న మా స్కూలు తెలుగు స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో కబురొచ్చింది. ‘మన ఆర్పీ సార్ ఇక లేరు.’ ఊళ్ళోనే, మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తూ పోయాడట. దాని కింద దండాలు, కన్నీళ్ళు వరసగా పడ్డాయి. మధ్యలో ఎవరో పొరపాటున చప్పట్ల బొమ్మ పెట్టి, గబుక్కున తీసేశారు. దండాలు చూసినప్పుడు నాకేమీ కాలేదు. ఆ చప్పట్లు చూశాకే మనిషి మొత్తం కళ్ళముందుకొచ్చి నిలబడ్డాడు.

ఆర్పీ అంటే ఆయన ఇంటిపేరూ ఒంటిపేరూ కావు. రిసోర్స్ పర్సన్. బడిపంతుళ్ళకు శిక్షణ ఇచ్చే మనిషిని మన దగ్గర పొట్టిగా అలా పిలుస్తారు. రిటైరయ్యేదాకా ఆయన ఒక జిల్లాలో, ఉపాధ్యాయుల్ని తయారుచేసే సర్కారు సంస్థలో లెక్చరరు. ఏ జిల్లానో చెప్పను. మీరు ఏ జిల్లా అనుకున్నా సరిపోతుంది.

ఈ శిక్షణ వ్యవహారం తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. రాష్ట్ర సంస్థలో కొందరు పెద్దలు కూర్చుని, పిల్లలకు పాఠం ఇలా చెప్పాలి అని ఒక లావుపాటి పుస్తకం తయారుచేస్తారు. దాని మీద రాజధానిలో కొందరికి వారం రోజులు శిక్షణ. వాళ్ళు జిల్లాకొచ్చి మరికొందరికి మూడు రోజులు. వాళ్ళు మండలానికి పోయి ఇంకొందరికి ఒక పూట. ఆ విద్య చివరికి బడికి చేరేసరికి, హెడ్మాస్టరు గదిలో టీ చల్లారేంతసేపు. మా బిల్డింగులో పైన ట్యాంకు నిండుగా ఉండి కింద వంటింటి కుళాయి గాలి ఊదితే, వాచ్‌మన్‌ను పిలిచి అరుస్తాం. అక్కడ అలా జరిగితే సర్టిఫికెట్లు ఇస్తారు.

మరి ఆయన ఎన్నడూ బడిలో పనిచేయలేదా అంటే, చేశాడు. ఏప్రిల్ ఆఖరులో ఒక హైస్కూల్లో చేరాడు. మర్నాటి నుంచి వేసవి సెలవులు. జూన్‌లో బడి తెరిచే వేళకు జిల్లా సంస్థలో లెక్చరర్లు లేరని డెప్యుటేషన్ మీద పిలిచారు. ఆ డెప్యుటేషన్ రిటైర్మెంట్ దాకా సాగింది. ఆ విధంగా ఆయన పిల్లలు లేని బడిని కొంతకాలం చూసి, ఆ అనుభవంతో వేల మంది టీచర్లను తయారుచేశాడు.

ఎలా తయారుచేశాడో చెప్పాలి, ఎందుకంటే కథ అంతా దాని మీదే ఉంది. శిక్షణలో నమూనా పాఠం అని ఒకటుంటుంది. ఆర్పీ పంతులుగా నటిస్తాడు. ఎదురుగా కూర్చున్న టీచర్లు, నడుము నొప్పులవాళ్ళూ షుగరున్నవాళ్ళూ, నాలుగో తరగతి పిల్లలుగా నటిస్తారు. పాఠం మధ్యలో ఒక ‘పిల్ల’ లేచి తప్పు జవాబు చెప్పాలి. ఎవరు చెప్పాలో ముందే అనుకుంటారు. ఆ తప్పు రాగానే ఆర్పీ మొహం వెలిగిపోతుంది. ‘భలే. తనకు తోచింది ధైర్యంగా చెప్పింది, అందరూ చప్పట్లు’ అంటాడు. అప్పుడు చుట్టిపెట్టిన చార్టు విప్పి, ఆ తప్పు ఎందుకు తప్పో రంగు రంగుల బొమ్మల్లో చూపిస్తాడు. పాఠం సుఖాంతం. తర్వాత టీ, బిస్కెట్లు.

నేనాయన్ని మొదట చూసింది లిఫ్టులో. 2020లో కూతురింట్లో కొన్నాళ్ళుండి పోదామని వచ్చాడు, విమానాలు ఆగిపోయి మా బిల్డింగులోనే చిక్కుకున్నాడు. ఒకరోజు లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగింది. మాస్కులు కట్టుకుని, ఒకరి ఊపిరి ఒకరికి తగలకుండా గోడలకు అతుక్కుని నిలబడ్డాం: నేను, ఒక ఫిలిప్పీనో నర్సు, సిలిండరు భుజాన పెట్టుకున్న ఒక పఠాను, ఈయన. అందరం పైకి చూస్తున్నాం. ఈయన రెండు చేతులూ చరిచి, ఇంగ్లీషులో, మిత్రులారా, పరిచయ కార్యక్రమం చేసుకుందాం అన్నాడు. పేరు, ఊరు, మీలో ఉన్న ఒక మంచి అలవాటు. నర్సు చెప్పింది. నేను చెప్పాను. పఠాను కాసేపు ఆలోచించి, నాకే మంచి అలవాటూ లేదు, సిలిండరు దించుకోవచ్చా అని అడిగాడు. నిజాయితీకి ఈయన మాచేత చప్పట్లు కొట్టించాడు. తలుపు తెరిచిన మెకానిక్‌ను కూడా వదల్లేదు. ఈ ఘటన నుంచి మనం ఏం నేర్చుకున్నామో ఒక్క వాక్యంలో చెప్పమన్నాడు. వాడు బంగ్లాదేశ్ వాడు. ఖలాస్, వెళ్ళండి అన్నాడు.

మనిషి ఎప్పుడూ ఒక గుడ్డ సంచితో ఉండేవాడు. శిక్షణకో సంచి చొప్పున ఇస్తారు కాబట్టి కూతురింట్లో కూరగాయలకు ఒకటి, చెప్పులకు ఒకటి, పాస్‌పోర్టులకు ఒకటి, అన్నీ ఏదో ఒక శిక్షణ పేరు సగం చెరిగిపోయినవే. భుజానికున్న సంచిలో స్కెచ్ పెన్నుల డబ్బా, కత్తెర, టేపు, చుట్టచుట్టిన చార్టు. రెండు మాటలు తరచూ అనేవాడు. ఒకటి, పిల్లవాడి స్థాయికి దిగండి. అని మోకాళ్ళ మీద దిగి చూపించేవాడు. లేపడానికి ఇద్దరు కావలసి వచ్చేది. రెండోది, నేను చెప్పను, మీ నుంచే రాబడతాను. ఈ మాట ఎక్కడ పడితే అక్కడ అనేవాడు. షార్జా రోలా బజారులో షవర్మా కొట్టువాడు చికెనా మటనా అని అడిగినా, చెప్పకుండా వాడి నుంచే రాబట్టడానికి చూసేవాడు. వెనక లైను రోడ్డు దాకా పెరిగేది.

చార్టులు రోలాలోనే కొనాలని ఆయన పట్టు. అల్ నహ్దాలో దొరికే చార్టుకు బిగువు చాలదట. ఒకసారి నా కారులో తీసుకుపోతూ, ట్రాఫిక్‌లో తోచక అడిగాను.

“సార్, ఇన్నేళ్ళలో ఒక్క పిల్లవాడికైనా పాఠం చెప్పారా?”

“నేను ఒక టీచరుకు చెబితే అతను నలభై మందికి చెబుతాడు మిత్రమా.”

“ఆ టీచరుకు మీరేం చెప్పారు?”

“ఎలా చెప్పాలో చెప్పాను.”

“ఏం చెప్పాలో?”

“అది రాష్ట్రం చూసుకుంటుంది.”

“మరి రాష్ట్రం మీకేం చెప్పింది?”

“ఎలా చెప్పాలో చెప్పింది.”

అంతటితో ఊరుకోవలసింది. నేను ఊరుకోలేదు. రాష్ట్రానికి ఎవరు చెప్పారన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. అది పైనుంచి వస్తుందన్నాడు. పైన అంటే ఎక్కడో అడగబోతే సిగ్నల్ పడింది.

ఇటువంటి మనిషి మా స్కూల్లోకి ఎలా వచ్చాడంటే, అందులో ఆయన తప్పేమీ లేదు. షార్జాలో మాలాంటి ప్రైవేటు ఇండియన్ స్కూళ్ళకు తనిఖీలుంటాయి. తనిఖీవాళ్ళు మీ టీచర్లకు ఏం శిక్షణ ఇప్పిస్తున్నారని అడుగుతారు. మా స్కూలు దగ్గర దానికి జవాబు లేదు. కరోనాలో పిల్లలు తగ్గారు, టీచర్లకు జీతాలివ్వడమే గండంగా ఉంది, శిక్షణకు డబ్బెక్కడిది? ఆ సమయంలో ఈయన ఒక గుడ్డ సంచి నిండా ప్రభుత్వ ముద్ర ఉన్న సర్టిఫికెట్లతో ప్రిన్సిపాల్ మేడమ్ ముందు కూర్చున్నాడు. ఆవిడ మలయాళీ. సర్టిఫికెట్లు తెలుగులో ఉన్నాయి. అందువల్ల ఆవిడకు వాటి మీద చాలా గౌరవం కలిగింది. ఊరికే ఇంట్లో కూర్చునే మనిషి చవకగా వస్తాడనీ తెలిసింది. అలా టీచర్ల శిక్షణ సలహాదారయ్యాడు.

మొదటి శిక్షణ అందరికీ కలిపి పెట్టాడు. బడి అంటే ఒక కుటుంబం కాబట్టి డ్రైవర్లు కూడా రావాలన్నాడు. నా డ్రైవర్లంతా పెషావర్ వైపు వాళ్ళు, ఒక్కొక్కడు తలుపంత మనిషి. ఈయన వచ్చినవాళ్ళను అయిదు గ్రూపులుగా విడగొట్టి పువ్వుల పేర్లు పెట్టాడు. మల్లె, గులాబీ, బంతి, చామంతి, మందారం. శిక్షణ అంటే గ్రూపులు, గ్రూపులంటే పువ్వులు. ముప్పై ఏళ్ళుగా అలాగే నడిచింది, షార్జా వచ్చినంత మాత్రాన మారడానికి వీల్లేదు. మా సీనియర్ డ్రైవర్ ఖాన్ సాబ్ గడ్డం నిమురుకుంటూ నన్ను పక్కకు పిలిచాడు.

“భాయ్, ముదీర్ కో బోలో. మైఁ గులాబ్ నహీఁ బనూఁగా. బచ్చే హసేంగే.”

ముదీర్ అంటే పెద్దసారు. ఆయనకు చెప్పు, గులాబీగా ఉండను, పిల్లలు నవ్వుతారంటాడు. నేను వెళ్ళి మనవి చేసుకున్నాను. ఆర్పీ గారు విశాల హృదయంతో ఆయన్ని మందారంలోకి మార్చాడు. ఇప్పటికీ మా బస్సుల దగ్గర ఖాన్ సాబ్‌కు కోపం వస్తే, మందారం వాడిపోయింది అనుకుంటాం.

ఆ శిక్షణలోనే ఆయన రజియాను గుర్తుపట్టాడు. లేదు, రజియాయే ఆయన్ని గుర్తుపట్టింది.

రజియా మా స్కూల్లో మూడు, నాలుగు తరగతులకు లెక్కలు చెప్పేది. రాయలసీమ అమ్మాయి. ఈయన పనిచేసిన జిల్లా సంస్థలోనే పదిహేనేళ్ళ కింద టీచరు ట్రైనింగ్ చదివింది. భర్త ఏసీ మెకానిక్, కరోనాలో కంపెనీ మూతపడి ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఇంట్లో నలుగురి వీసాలూ రజియా ఉద్యోగం మీదే ఉన్నాయి. ఇద్దరు పిల్లలూ మా స్కూల్లోనే, స్టాఫ్ పిల్లలని సగం ఫీజుతో. ఆ ఏడు ప్రైమరీలో ఒక టీచర్ని తగ్గిస్తారని అందరికీ తెలుసు. ఎవర్ని అన్నది తనిఖీ అయ్యాక తేలుతుంది. మార్చిలో కాంట్రాక్టు రాకపోతే నలుగురూ సామాన్లు సర్దుకోవాలి.

ఆమె క్లాసు చూడ్డానికి ఆర్పీ గారు వెళ్ళాడు. పాఠం ఉద్దేశాలు బోర్డు మీద రాయలేదని ఒక తప్పు రాశాడు. బోధనోపకరణాలు లేవని ఒక తప్పు. పిల్లలు గోల చేస్తున్నారని ఒక తప్పు. ఆ గోల ఏమిటంటే, ఒక లెక్క రెండు రకాలుగా చేయొచ్చని పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి వాదించుకోవడం. నేనా సమయంలో కారిడార్‌లో ఉన్నాను కాబట్టి విన్నాను. ఆయన లోపల కూర్చున్నాడు కాబట్టి వినలేదు.

సాయంత్రం స్టాఫ్ బస్సులో నేను రజియాతో ఆయన గురించి నాలుగు మాటలన్నాను. పిల్లల్ని చూడ్డం అదే మొదటిసారి, గోలకీ చదువుకీ తేడా ఆయనకేం తెలుస్తుందన్నాను. రజియా నవ్వింది గాని ఒప్పుకోలేదు.

“నువ్వట్ల అనగాకన్నా. నేను ట్రైనింగులో చేరినప్పుడు నాకు తెలుగు సరిగ్గా రాదు. ఇంట్లో ఉర్దూ. నోరు తెరిస్తే నవ్వుతారని గమ్మున వెనక కూర్చునేదాన్ని. ఒకరోజు సార్ నన్ను లేపి, నువ్వు తప్పు జవాబు చెప్పే పిల్లవమ్మా అన్నాడు. తప్పే గదా చెప్పాల్సింది, దానికి భయమేముంది? చెప్పినా. చప్పట్లు కొట్టించినాడు. అంతకుముందు నాకెవురూ చప్పట్లు కొట్టింది లేదు.”

“తర్వాత?”

“తర్వాతేముంది, రెండేండ్లూ ఆ వేషం నాదే. ఏ పాఠమైనా తప్పు నేనే చెప్పాల.”

ఆ రోజు నుంచి నా వెటకారం కొంచెం తగ్గించుకున్నాను. ఆమె ముందు మాత్రమే.

ఆ చలికాలమే తనిఖీ వచ్చింది. ప్రైమరీ లెక్కల క్లాసు చూస్తామన్నారు. మామూలుగా అయితే రజియా పాఠం చెప్పాలి, వాళ్ళు చూడాలి, ఆమె ఉద్యోగం నిలవాలి. ఆర్పీ గారు అడ్డుపడ్డాడు. శిక్షణ ఫలితాలు చూపించాలంటే తానే నమూనా పాఠం చెప్పడం సబబని ప్రిన్సిపాల్‌ను ఒప్పించాడు. రజియా పిల్లల మధ్య వెనక కూర్చుని చూడొచ్చు. నన్ను ఫోన్‌లో వీడియో తీయమన్నారు. బస్సులు తోలించేవాడికి కెమెరా కదలకుండా పట్టుకోవడం వచ్చని వాళ్ళ నమ్మకం.

ఆ గదిలో నిజం పిల్లలున్నారు. ముందు వరసల్లో పాతిక మంది, ముక్కులు తుడుచుకునేవాళ్ళు, జోళ్ళ లేసులు ముడేసుకునేవాళ్ళు. ఆయన వాళ్ళను చూసి ఒక్క క్షణం ఆగాడు. అంత పొట్టి ఉపాధ్యాయ మిత్రులకు ఆయన ఎప్పుడూ పాఠం చెప్పి ఉండడు. వెనక తనిఖీ మేడమ్, ఒడిలో ట్యాబ్‌తో ఒక ఇంగ్లీషావిడ. ఆమె పక్కన ప్రిన్సిపాల్. ఆ పక్కన పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని రజియా.

పాఠం భిన్నాలు. అక్కడి శిక్షణల్లో అట్టముక్క చపాతీ వాడేవాడట, ఇక్కడికి తగ్గట్టు బేకరీ నుంచి పెద్ద ఖుబ్జ్ రొట్టె తెచ్చాడు. దాన్ని పైకెత్తి, సగం పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని ఇంగ్లీషులో అడిగాడు. బోర్డు పక్కన చార్టు చుట్టి వేలాడుతోంది. అందులో ఏముందో నాకు తెలుసు, రోలా నుంచి నేనే మోసుకొచ్చాను. ‘నాలుగు రెండుకన్నా పెద్దది, కాబట్టి నాలుగో వంతు పెద్దది’ అనే పొరపాటు, దాని మీద ఎర్ర స్కెచ్‌తో ఇంటూ, కింద సమాధానం. ఎవరైనా ఆ పొరపాటు చెబితే గాని చార్టు విప్పడానికి లేదు.

ముందు బెంచీలో రెండు జడల పిల్ల చెయ్యెత్తి, సగమే పెద్దది అంది. తక్కువ ముక్కలు చేస్తే ముక్క పెద్దగా వస్తుంది కదా అని కారణం కూడా చెప్పింది.

ఆయన నవ్వాడు. బాగా ఆలోచించి చెప్పమన్నాడు. ఆ పిల్ల ఆలోచించి అదే చెప్పింది. పక్కవాణ్ణి అడిగాడు. సగం. వెనకవాణ్ణి అడిగాడు. సగం. ఎవరైనా వేరేగా అనుకుంటున్నారా అని గది మొత్తాన్ని అడిగాడు. పాతిక మందీ ఆయన్ని జాలిగా చూశారు. ఎవరూ వేరేగా అనుకోవడం లేదు. రజియా వాళ్ళకు ఏడాదంతా లెక్కలు చెప్పింది మరి.

ఏసీ గదిలో ఆయన మెడ వెనక చెమట పట్టింది. చేతిలో ఖుబ్జ్ వేలాడిపోయింది. ముప్పై ఏళ్ళలో తప్పు జవాబు రాని పాఠం ఆయనకు ఇదే మొదటిది. ఆ తర్వాత ఏం చేయాలో రాష్ట్రం చెప్పలేదు, జిల్లా చెప్పలేదు, పుస్తకంలో లేదు. మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. తనిఖీ మేడమ్ ట్యాబ్ మీద ఏదో రాయడం మొదలుపెట్టింది.

అప్పుడు వెనకనుంచి ఒక చెయ్యి లేచింది. రజియా. చిన్న కుర్చీలోంచి పూర్తిగా లేవకుండా, మెడ కొద్దిగా వంచి, పదేళ్ళ పిల్ల గొంతుతో చెప్పింది.

“సార్, నాలుగో వంతే పెద్దది సార్. నాలుగు రెండుకన్నా పెద్దది కదా సార్.”

ఆయన మొహం వెలిగిన వెలుగు నా ఫోన్ వీడియోలో ఇప్పటికీ ఉంది. భలే అన్నాడు. ధైర్యంగా చెప్పింది, అందరూ చప్పట్లు అన్నాడు. పిల్లలు తమ టీచరుకు ఏమైందోనని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటూ కొట్టారు. చార్టు గలగలా విచ్చుకుంది. ఖుబ్జ్ ముక్కలైంది. పాఠం గంటకు సరిగ్గా ముగిసింది. రెండు జడల పిల్ల మాత్రం వెనక్కి తిరిగి రజియాను, మీకు బాగోలేదా మిస్ అని అడిగింది.

తనిఖీ మేడమ్ ప్రిన్సిపాల్ వైపు వంగి, ఆమె ఎవరని అడగడం నేను చూశాను. లెక్కల టీచరని ప్రిన్సిపాల్ చెప్పడమూ చూశాను.

ఆ తర్వాత ప్రిన్సిపాల్ గదిలో జరిగింది తలుపు దగ్గర నిలబడి కళ్ళారా చూశాను. రజియా తల వంచుకుని నిలబడింది. భిన్నాలు తెలియని మనిషి లెక్కలెలా చెబుతోందని ప్రిన్సిపాల్ నిలదీసింది. అప్పుడు ఆర్పీ గారు కుర్చీలోంచి లేచాడు. సంచి బల్ల మీద పెట్టాడు. “మేడమ్, ఆ జవాబు ఆమెది కాదు, నాది. పదిహేనేళ్ళ కింద నేనే నేర్పాను. పిల్లలంతా సరిగ్గా చెబితే ఏం చేయాలో నాకు తెలియదు. ఆమె నన్ను ఒడ్డున పడేసింది” అన్నాడు. స్కెచ్ పెన్నుల డబ్బా కూడా అక్కడే వదిలేసి బయటికి నడిచాడు. రజియా కాంట్రాక్టు నిలిచింది. ఆయన ఆ నెలలోనే ఊరికి విమానం ఎక్కాడు.

ఇదే విషయం మొన్న ఆయన సంతాప సభలో చెప్పాను. సభ ఆన్‌లైన్లో పెట్టారు, ఆయన శిష్యులూ తోటి ఆర్పీలూ. నమ్మండి నమ్మకపోండి, పరిచయ కార్యక్రమంతో మొదలుపెట్టారు. తర్వాత వచ్చినవాళ్ళను అయిదు గ్రూపులు చేసి వేరే వేరే గదుల్లో వేశారు. మల్లె, గులాబీ, బంతి, చామంతి, మందారం. ఒక్కొక్క గ్రూపు దివంగతుడి సుగుణాలను చర్చించి, ఒక ప్రతినిధి ద్వారా సభకు సమర్పించాలి. ఖాన్ సాబ్ ఆ సభకు రాలేదు గాని వస్తే మళ్ళీ గులాబీలోనే పడేవాడు. నాది బంతి. రజియాది కూడా బంతే. ప్రతినిధిగా నేను లేచి, ప్రిన్సిపాల్ గదిలో జరిగిందంతా గొంతు వణికేలా చెప్పాను. ఆయన భార్య తెర మీద కళ్ళు తుడుచుకుంది. నిర్వాహకుడు, రజియా మేడమ్, మీరు ప్రత్యక్షంగా ఉన్నారు కదా, ఇది నిజమేనా అని అడిగాడు.

“నిజమే సార్,” అంది రజియా.

అందరిచేతా చప్పట్లు కొట్టించారు. చివర్న సభలో పాల్గొన్నట్టు సర్టిఫికెట్ కూడా పంపారు. నా దగ్గరుంది.

ఇక మొదట్లో పెట్టిన ఒట్టు సంగతి. లిఫ్టు నిజం. గులాబీ నిజం. రొట్టె నిజం. సంతాప సభలో పువ్వులు కూడా నిజమే, మా ఆవిడ నా భుజం మీదుగా చూసింది. నేను కల్పించింది ఒక్కటే. ప్రిన్సిపాల్ గది. నేను ఆ తలుపు దగ్గర లేను, కింద బస్సుల్ని వరస పెట్టిస్తున్నాను. లోపల ఏం జరిగిందో సాయంత్రం రజియా చెప్పింది. ఆయన లేవలేదు. సంచిలోంచి స్కెచ్ పెన్నులు తీసి, మూతలు సరిగ్గా పడ్డాయో లేదో ఒక్కొక్కటే చూసుకున్నాడు. ప్రిన్సిపాల్ రెండోసారి అడిగితే తల ఎత్తి, “ఈమెకు శిక్షణ అవసరం మేడమ్” అన్నాడు. నేను మర్నాడు వీడియో పట్టుకుని వెళ్ళి అసలు సంగతి చెబితే, ప్రిన్సిపాల్ మేడమ్ బస్సులు చూసుకోమంది. మార్చిలో కాంట్రాక్టు రాలేదు. భర్తకు అబుదాబి దగ్గర మఫ్రఖ్‌లో, లేబర్ క్యాంపులో ఉంటూ చేసే పని దొరికింది. రజియా పిల్లల్ని తీసుకుని సీమకు వెళ్ళిపోయింది, అక్కడ ఒక ప్రైవేటు బడిలో చెబుతోంది. ఆర్పీ గారు ఇంకో రెండేళ్ళు మా స్కూల్లోనే శిక్షణలిచ్చి, శాలువాతో వెళ్ళాడు.

ఆ ముక్క ఎందుకు కల్పించానంటే, అంత పొడుగు జీవితంలో ఆయన నోట ఒక్క సరైన జవాబైనా వినాలనిపించింది. ఇంకెవరూ చెప్పించలేకపోయారు, నేను చెప్పించాను.

సభ అయిన మర్నాడు రజియా ఫోన్ చేసింది.

“ఏందన్నా, అంత అబద్ధం చెప్పినావు?”

“నువ్వెందుకమ్మా నిజమేనన్నావు?”

వెనక పిల్లలు వాదించుకుంటున్న గోల వినపడుతోంది.

“సార్ భార్య ఏడుస్తాండె గదన్నా. అంతమంది కూర్చోనుండారు. ఎవురో ఒకరు తప్పు జవాబు చెప్పకుంటే, సార్ పాఠం ముందుకు పోదు గదా.”

బడి గంట కొట్టారు. క్లాసుకు పోవాలన్నా అని పెట్టేసింది.